ఓడకు నొప్పి తెలియదు

విద్యార్థి సంఘం వార్షిక సంచికకు వ్యాసం ఇవ్వమంటే నిరుద్యోగ సమస్య గురించో, పరీక్షల పద్ధతి గురించో, వరకట్నం గురించో వ్రాయడం మనకు ఆచారం. ఆ విషయాల మీద నాకంటే బాగా వ్రాయగలవారు ఈ కళాశాలలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఒక ఆటను గురించి వ్రాయదలచుకొన్నాను. ఆట అనగానే "ఇదీ ఒక విషయమేనా?" అని పెదవి విరిచే పెద్దలు ఉంటారని తెలుసు. కాస్త ఓపికతో చివరిదాకా చదవమని వారికి నా మనవి. నేను ఎత్తుకొన్న ప్రశ్న ఒక్కటే. ఆటలో పాత్రకు దెబ్బ తగిలినప్పుడు ఆ నొప్పిని ఎట్లా లెక్క కట్టాలి? నిజానికి దగ్గరగా కట్టాలా, ఆడడానికి వీలుగా కట్టాలా?

ఈ ప్రశ్న నేను పుట్టించినది కాదు. హాస్టలు గదుల్లో సెలవురోజు రాత్రి బల్ల చుట్టూ చేరి రోల్ ప్లేయింగ్ ఆటలు ఆడేవారందరికీ ఇది పాత తగాదాయే. మెస్సు మూసిన తరువాత మొదలైన వాదన ఒక్కొక్కసారి తెల్లవారేదాకా సాగుతుంది. "కత్తిపోటు తగిలినవాడు పొద్దున్నే లేచి కొండ ఎక్కుతాడా? ఇదేం ఆటరా!" అంటుంది ఒక పక్షం. "మనం ఆడుకోవడానికి వచ్చామా, క్యాజువాలిటీలో డ్యూటీ చెయ్యడానికి వచ్చామా?" అంటుంది రెండో పక్షం. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉన్నదని నా అభిప్రాయం. ఆ రెండు సగాలు ఎక్కడ కలుస్తాయో చెప్పడానికే ఈ ప్రయత్నం.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇందులో వైకుంఠపాళిలో లాగా గళ్ళు ఉండవు. చదరంగంలో లాగా ఇద్దరే ఎదురెదురుగా కూర్చోరు. నలుగురైదుగురు తలా ఒక పాత్ర తీసుకొంటారు. ఒకరు సూత్రధారుడిలా ఉండి లోకాన్ని, శత్రువులను, వాతావరణాన్ని నడుపుతారు. ఆయన్ను గేమ్ మాస్టరు అంటారు. "నేను గోడ దూకుతాను" అని ఆటగాడు అంటాడు. దూకగలిగాడా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఒక కథ ఒక రాత్రితో ముగియవచ్చు, ఏడాది పొడుగునా సాగవచ్చు. ఏడాదిపాటు ఒకే పాత్రను మోసినవాడికి ఆ పాత్ర చెయ్యి విరిగితే, మనం నవల చదువుతూ పడే బాధ కంటే ఎక్కువే కలుగుతుంది. కాబట్టి ఆ చెయ్యి ఎట్లా విరగాలన్నది అల్పమైన విషయమేమీ కాదు.

ఈ ఆటలన్నిటికీ మూలపురుషుడు 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. దానిని రూపొందించినవారు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఇద్దరూ బొమ్మ సైనికులతో యుద్ధక్రీడలు ఆడుతూ వచ్చినవారే. ఆ క్రీడల్లో ఒక బొమ్మకు దెబ్బ తగిలితే దాన్ని బల్లమీది నుంచి తీసి పక్కన పెట్టెయ్యడమే. కాని ఒక బొమ్మను ఒక మనిషి తన సొంతం అనుకొని ఆడడం మొదలు పెట్టాక, ఒక్క పాచికతో వాడు చచ్చిపోతే ఎవరికి నచ్చుతుంది? అందువల్ల ఆర్నెసన్ ఒక ఉపాయం చేశాడు. అమెరికా అంతర్యుద్ధం నాటి ఇనుప ఓడల మీద నడిచే నౌకాయుద్ధపు ఆట నుంచి ఒక లెక్కను తెచ్చి మనుషులకు తగిలించాడు. ఆ సంగతి ఆయనే తరువాత చెప్పుకొన్నాడు. ఆ లెక్క పేరే హిట్ పాయింట్లు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఓడకు ఇన్ని పాయింట్లు అని పెట్టడంలో తప్పులేదు. గుండు తగిలిన కొద్దీ పాయింట్లు తగ్గుతాయి, సున్నా అయితే మునుగుతుంది, అప్పటిదాకా ఫిరంగులు పేలుస్తూనే ఉంటుంది. ఎందుకంటే ఓడకు నొప్పి తెలియదు. మనిషికి అదే లెక్క పెట్టేసరికి విచిత్రం జరిగింది. యాభై పాయింట్లు ఉన్న వీరుడు నలభై తొమ్మిది పోగొట్టుకొని ఒక్క పాయింటు మీద నిలబడి, మొదటి నిమిషంలో ఎంత జోరుగా కత్తి తిప్పాడో ఇప్పుడూ అంతే జోరుగా తిప్పుతాడు. ఆ ఒక్కటీ పోతే మాత్రం నిలువునా కూలిపోతాడు. మధ్యలో మూలుగు లేదు, కుంటడం లేదు, భయం లేదు.

దీనికి గైగాక్స్ వద్ద సమాధానం లేకపోలేదు. 1979లో వెలువడిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఆయన వాదన ఇది: హిట్ పాయింట్లంటే ఒట్టి రక్తమాంసాలు కావు. అందులో నేర్పు ఉన్నది, అదృష్టం ఉన్నది, దేవతల అనుగ్రహం కూడా ఉన్నది. పాయింట్లు తగ్గాయంటే వీరుడు అలిసిపోయాడని, అదృష్టం తరిగిపోతున్నదని అర్థం, చివరి దెబ్బ ఒక్కటే నిజంగా దిగిన దెబ్బ. చాలా తెలివైన సమర్థన. అయితే ఆ సమర్థన నిలవాలంటే మిగిలిన నిబంధనలు కూడా దానికి తగ్గట్టు ఉండాలి కదా! అదృష్టం తరిగినవాడికి "గాయాలు మాన్పే" మంత్రం ఎందుకు? అలిసినవాడికి వారాల తరబడి మంచం ఎందుకు? అదే గైడ్‌లో, ఎంత దెబ్బ తిన్నవాడైనా నాలుగు వారాలు ఏకధాటిగా విశ్రాంతి తీసుకొంటే పూర్తిగా కోలుకొంటాడని వ్రాశారు. 2014లో వచ్చిన అయిదవ కూర్పుకు వచ్చేసరికి ఆ నాలుగు వారాలు ఒక్క రాత్రి నిద్రకు కుదించుకు పోయాయి. ఎనిమిది గంటలు పడుకొని లేస్తే పోయిన పాయింట్లన్నీ తిరిగి వస్తాయి. ఆట వేగం పెరిగింది, ఒప్పుకొంటాను. కత్తిపోటు మాత్రం రాత్రి పడుకొంటే పొద్దుటికి తగ్గే తలనొప్పి స్థాయికి దిగిపోయింది.

దీని మీద తిరుగుబాటు తొందరగానే వచ్చింది. 1978లో రూన్‌క్వెస్ట్ అనే ఆట బయటికి వచ్చింది. దాని రచయిత స్టీవ్ పెరిన్‌కు మధ్యయుగాల పద్ధతిలో కవచం తొడిగి పోరాడే సంఘంలో స్వయంగా అనుభవం ఉన్నది. అందులో దెబ్బ ఎక్కడ తగిలిందో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది: రెండు కాళ్ళు, రెండు చేతులు, పొట్ట, ఛాతీ, తల. ఒక్కొక్క అవయవానికి విడిగా పాయింట్లు. కాలికి తగిలితే పడిపోతావు, చేతికి తగిలితే పట్టుకొన్నది జారిపోతుంది. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. గదాయుద్ధంలో నాభి కింద కొట్టరాదన్న నియమం ఉండగా భీముడు దుర్యోధనుడి తొడ విరగగొట్టాడు. బలరాముడు మండిపడ్డది ఎంత గట్టిగా కొట్టాడని కాదు, ఎక్కడ కొట్టాడని. దెబ్బ స్థానం మారితే కథే మారిపోతుందని మన పెద్దలకు తెలుసు.

అక్కడితో ఆగితే బాగుండేది. 1980లో ఆర్మ్స్ లా అనే పుస్తకం వచ్చి, పేజీల కొద్దీ పట్టికలు వేసి, ఏ ఆయుధంతో ఏ కవచం మీద కొడితే ఏ ఎముక విరుగుతుందో వర్ణించింది. రోల్‌మాస్టర్ ఆటకు అదే పునాది. 1986లో వచ్చిన ఫీనిక్స్ కమాండ్ మరీ ముందుకు పోయి, తుపాకీ గుండు శరీరంలో ఏ భాగం గుండా పోయిందో పట్టికల్లో వెతికి తేల్చుకోమన్నది. ఒక్క గుండు దిగడానికి పట్టే కాలం కన్నురెప్పపాటు. దాన్ని లెక్క కట్టడానికి పట్టే కాలంలో మనం మెస్సుకు వెళ్ళి టీ తాగి రావచ్చు. పోనీ, అంత కష్టపడితే నొప్పి తెలిసిందా అంటే, లేదు. ఎముక పేరు తెలిసింది, అంతే. పోస్టుమార్టం రిపోర్టులో వివరాలకు లోటు ఉండదు. చచ్చినవాడు పడిన బాధ అందులో ఒక్క ముక్క ఉండదు.

మరి నొప్పినే లెక్కలోకి తెస్తే? ఆ పని చేసిన ఆటలూ ఉన్నాయి. 1977 నాటి ట్రావెలర్‌లో దెబ్బ నేరుగా బలం, చురుకుదనం, ఓర్పు అనే గుణాల నుంచే తీసివేయబడుతుంది. 1986 నాటి గర్ప్స్‌లో దెబ్బ తిన్నవాడి తరువాతి ఎత్తుకు కోత పడుతుంది. నొప్పిని తట్టుకొనే శక్తిని ముందే కొనుక్కొన్న పాత్రకు ఆ కోత ఉండదు. 1991 నాటి వాంపైర్ ఆటలో ఆరోగ్యానికి ఏడు మెట్లు. మెట్టు దిగిన కొద్దీ చేతిలో పాచికలు తగ్గుతాయి, ఆరో మెట్టు చేరేసరికి అయిదు పాచికలు పోతాయి. వినడానికి న్యాయంగా ఉన్నది. దెబ్బ తిన్నవాడు బలహీనపడతాడు, సహజమే కదా!

ఆడి చూసినవారికి తెలుస్తుంది ఇందులోని చిక్కు. మొదటి దెబ్బ ఎవరికి తగిలితే వాడికి పాచికలు తగ్గుతాయి. పాచికలు తగ్గినందువల్ల రెండో దెబ్బ కూడా వాడికే తగులుతుంది. మూడోది చెప్పనక్కరలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఈ ఆటల లోకంలో దీనికి చావు సుడిగుండం అని అర్థం వచ్చే పేరు కూడా ఉన్నది. పోరు మొదటి నిమిషంలోనే ఫలితం తేలిపోయి, మిగిలిన అరగంట లాంఛనంగా గడుస్తుంది. దెబ్బ తిన్న ఆటగాడు ఏం చేస్తాడు? ఫోను తీసి చూసుకొంటూ కూర్చుంటాడు. నొప్పి పాత్రకు పుట్టాలని నిబంధన పెడితే, విసుగు మనిషికి పుట్టింది.

సరే, ఆటకు ఇబ్బంది అయినా నిజానికి దగ్గరగా ఉన్నది కదా అని మొదటి పక్షం వారు అనవచ్చు. నిజం అంటున్నారు కాబట్టి నిజమే చూద్దాం. రెండవ ప్రపంచయుద్ధంలో ఇటలీ రణరంగంలో పనిచేసిన అమెరికా వైద్యుడు హెన్రీ బీచర్ తీవ్రంగా గాయపడిన సైనికులను నొప్పి గురించి అడిగి, 1946లో ఆ ఫలితాలు ప్రచురించాడు. నూటికి డెబ్బై అయిదుమంది దాకా తమకు నొప్పి తగ్గించే మందు అక్కరలేదన్నారు! వారి గాయాలు చిన్నవి కావు. గాయం పడిందంటే యుద్ధభూమి నుంచి ప్రాణాలతో బయటపడ్డామన్న అర్థం కూడా ఉన్నది వారికి. గాయం పరిమాణానికీ నొప్పి పరిమాణానికీ సూటి సంబంధం లేదని బీచర్ చెప్పాడు. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక తలుపు వంటి ఏర్పాటు ఉన్నదని, మనసు స్థితిని బట్టి కూడా ఆ తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం జరుగుతుందని సిద్ధాంతం చేశారు. తరువాత ఆ సిద్ధాంతానికి మార్పులు చేర్పులు జరిగాయి గాని, నొప్పి తయారు కావడంలో మెదడుకు పెద్ద పాత్ర ఉన్నదన్న మాట నిలిచింది.

అంటే ఏమిటి? పోరు మధ్యలో "నీకు మైనస్ రెండు" అనే నిబంధన నిజానికి దగ్గర అని గట్టిగా చెప్పడానికి వీల్లేదు. పోరులో మనిషికి నొప్పి తెలియకనే పోవచ్చు. అది తెలిసేది ఆ రాత్రి, మరునాడు, మూడో వారం. అలాగే, చిన్న గాయమే ఒకడిని కదలనివ్వకపోవచ్చు. పరశురాముడు తన ఒడిలో తల పెట్టుకొని నిద్రపోతూ ఉంటే, పురుగు తొడ తొలుస్తున్నా కర్ణుడు కదలలేదు. ఆ నొప్పికి మైనస్ ఎంత వేస్తారు? పాచికల లెక్కలో సున్నా. కాని ఆ ఓర్పు వల్లనే కర్ణుడు బ్రాహ్మణుడు కాడని గురువు గుర్తించాడు, శాపం పెట్టాడు. నొప్పికి కర్ణుడు చెల్లించిన వెల రహస్యం బయటపడడం. ఏ పట్టికలోనైనా ఉన్నదా ఈ వరుస?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా బల్ల దగ్గర ఆడే మిత్రుడొకడు రెండేళ్ళ కిందట మోటారు సైకిలు ప్రమాదంలో కాలు విరగ్గొట్టుకొన్నాడు. లోపల రాడ్ వేశారు. ఒకనాడు ఆటలో వాడి పాత్రకు పెద్ద దెబ్బ తగిలింది. పట్టిక తీసి చూస్తే "తొడ ఎముక నుగ్గు" అని వచ్చింది. ఎవరో నవ్వారు. వాడు ఏమీ అనలేదు, పాచికలు బల్ల మీద పెట్టి ఊరుకొన్నాడు. ఆట అయిపోయాక నేనే అడిగాను, "ఈ నిబంధన నిజానికి దగ్గరగా ఉందంట్రా?" అని. వాడు చెప్పిన జవాబు నాకు చాలా పుస్తకాలకంటే ఉపయోగపడింది.

"విరిగినప్పటి నొప్పి నాకు సరిగా గుర్తు కూడా లేదురా. తరవాత ఆరు నెలలు ప్రతిదానికీ బేరం ఆడుకోవడమే గుర్తుంది. మేడమీద లైబ్రరీకి పోవాలా, వద్దా? పోతే సాయంత్రం మెస్సుకు నడవలేను. మెస్సుకు నడిస్తే పుస్తకం లేదు. ఎవణ్ణైనా సాయం అడగాలా, అడిగితే రోజూ అడగాల్సి వస్తుందే! నొప్పంటే అదిరా. మీ పట్టికలో అది ఎక్కడుంది?"

నేను చెప్పదలచుకొన్నదంతా ఈ మాటల్లోనే ఉన్నది. నొప్పి అనేది అన్ని పనుల నుంచి ఒకే విధంగా తీసివేసే అంకె అయి ఉండదు. అది మనిషిని ఎంపిక చేసుకోమని నిలదీస్తుంది. కాబట్టి మంచి నిబంధన గాయం లోతును కొలవనక్కరలేదు. గాయం ఏ ఎంపికను ముందుకు తెస్తుందో చెబితే చాలు. ఆసుపత్రిలో డాక్టరు కూడా నొప్పిని తానుగా కొలవడు. "సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో చెప్పు బాబూ" అని రోగినే అడుగుతాడు. ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే చెబుతుంది. నొప్పి ఎంతో అనుభవించేవాడే చెప్పాలి. ఆటలోనూ పని ఇట్లాగే పంచుకోవాలని నా ప్రతిపాదన: గాయానికి వెల ఎంతో నిబంధన చెప్పాలి, నొప్పి ఎట్లా ఉన్నదో ఆటగాడు చెప్పాలి.

ఇది గాలిలో మేడ కాదు. ఈ దారిలో నడిచిన ఆటలు ఇప్పటికే ఉన్నాయి. 2013 నాటి ఫేట్ కోర్‌లో దెబ్బ తగిలినప్పుడు దాన్ని ఒక "పర్యవసానం"గా స్వీకరించవచ్చు. చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు స్థాయిలు. దానికి మాటల్లో పేరు పెడతారు, "చితికిన మణికట్టు" అన్నట్టుగా. ఆ మణికట్టు కథలో అడ్డుపడి నష్టం చేసినప్పుడు ఆటగాడికి ప్రతిఫలంగా ఒక పాయింటు దక్కుతుంది. పాచిక వెయ్యకముందే "నేను ఓటమి ఒప్పుకొంటున్నాను" అని తన షరతుల మీద తప్పుకొనే అవకాశమూ ఉన్నది. 2017లో జాన్ హార్పర్ ప్రచురించిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్‌లో మూడో స్థాయి గాయం తగిలినవాడు ఎవరైనా సాయపడితేనో, తన శక్తినంతా కూడగట్టుకొంటేనో తప్ప ఏమీ చెయ్యలేడు. మా మిత్రుడు చెప్పిన "ఎవణ్ణి సాయం అడగాలి" అన్న ప్రశ్న అక్కడ నిబంధనగా మారి కూర్చున్నది! ఏ ఆట ఆడినా సరే, ఈ ఆలోచనను మన బల్ల మీదికి తెచ్చుకోవచ్చు. అందుకు నాలుగు సూచనలు చేస్తున్నాను.

మొదటిది: వెల ముందే తెలియాలి. పాచిక వెయ్యబోయే ముందు గేమ్ మాస్టరు "ఇందులో ఓడిపోతే నీ కుడిచెయ్యి పంటకోతల దాకా పనిచెయ్యదు, వేస్తావా?" అని అడగాలి. వెనక్కి తగ్గే దారి నిజంగా ఉండాలి. అప్పుడు కత్తి దూసేవాడు ఆలోచిస్తాడు. దెబ్బకు భయం పట్టికలోని భీభత్సం వల్ల రాదు, పోయేదేమిటో ముందుగా తెలియడం వల్ల వస్తుంది.

రెండవది: దెబ్బ తిన్నవాడికి పని ఉండాలి. చెయ్యి పోతే కత్తి పట్టలేడు, సరే. మాట్లాడగలడు, దారి చెప్పగలడు, దీపం పట్టుకోగలడు. మరి మాటకారితనంలో కూడా కోత ఎందుకు? భీష్ముడు అంపశయ్య మీద యాభై ఎనిమిది రాత్రులు ఉన్నాడు. విల్లు ముట్టలేదు. కాని శాంతిపర్వంలో చాలాభాగం ఆ పడక దగ్గరే నడిచింది. పడిపోయిన ఆటగాడిని ప్రేక్షకుణ్ణి చేసే నిబంధన ఎంత వాస్తవికమైనా చెడ్డ నిబంధనే.

మూడవది: కాలం ఖర్చు కావాలి. ముంజేతి ఎముక అతుక్కోవడానికి సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు, తొడ ఎముకకు మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆటలో ఆ కాలాన్ని ఒక్క వాక్యంలో దాటించవచ్చు, కాని ఊరకే దాటించరాదు. "నువ్వు మంచంలో ఉన్న ఆరు వారాల్లో శత్రువు రెండో కోట కట్టాడు, నీ తమ్ముడు పొలం తాకట్టు పెట్టాడు" అని చెప్పండి చాలు. పాచికల మీద ఒక్క మైనస్ వెయ్యకుండానే గాయం బరువు తెలుస్తుంది.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది: బల్ల చుట్టూ ఉన్నవారి ఒంటి మీది గాయాలను గుర్తుపెట్టుకోవాలి. పాత్రకు ఒళ్ళు లేదు, ఆటగాడికి ఉన్నది. ఏ విషయాలు ఆటలోకి అసలు రాకూడదో, ఏవి వచ్చినా తెర వెనకనే జరిగిపోవాలో మొదటిరోజే మాట్లాడుకోవాలని 2003లోనే రాన్ ఎడ్వర్డ్స్ వ్రాశాడు. మనసుకు తగిలే గాయాలకు ఇది మరీ వర్తిస్తుంది. 1981 నాటి కాల్ ఆఫ్ కతుల్హు మతిస్థిమితాన్ని కూడా పాయింట్లుగా లెక్కించి, భయానక కథలకు గొప్ప ఊపు తెచ్చింది. ఆ ఆట అంటే నాకు ఇష్టమే. అయినా ఒక మనోవ్యాధి పేరును పాచిక వేసి తీసి, నవ్వుకొంటూ ఒకరి నెత్తిన పెట్టేటప్పుడు, పక్కన కూర్చున్నవాడి ఇంట్లో ఆ వ్యాధితో ఎవరైనా బాధపడుతున్నారేమో మనకు తెలియదు. పేరు పెట్టే పని ఆ ఆటగాడికే వదిలితే ఏమి పోయింది?

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. "నొప్పిని ఆటగాడికే వదిలేస్తే ప్రతివాడూ నాకేం కాలేదంటాడు" అన్నది మొదటిది. అందుకే వెలను నిబంధనకు అప్పగించాను. చెయ్యి పనిచెయ్యదన్నది మారదు. పళ్ళు బిగబట్టి భరిస్తాడా, రాత్రంతా మూలుగుతాడా అన్నది మాత్రమే వాడిది. నా అనుభవంలో ఈ స్వేచ్ఛ ఇచ్చినప్పుడు ఆటగాళ్ళు నొప్పిని దాచుకోవడం తక్కువ, కథలో వాడుకోవడం ఎక్కువ. "కొత్తవాళ్ళకు ఇదంతా భారం" అన్నది రెండో ఆక్షేపణ. ఒప్పుకొంటాను. కాలేజీ డే నాడు ఒక గంటలో పదిమంది కొత్తవారికి రాక్షససంహారం ఆడించాలంటే హిట్ పాయింట్లను మించిన సాధనం లేదు. అక్కడ అందరూ ఓడలే, మునిగేదాకా ఫిరంగులు పేలుస్తారు, నవ్వుకొంటూ ఇళ్ళకు పోతారు. యాభై ఏళ్ళు దాటినా ఆ లెక్క బతికి ఉన్నదంటే కారణం లేకపోలేదు. నా వాదన ఏడాది పొడుగునా సాగే కథల గురించి. అక్కడ పాత్రలు మనుషులవుతాయి కాబట్టి ఓడల లెక్క చాలదు.

ఇంతకూ ఒక ఆట నిబంధన కోసం ఇంత రాద్ధాంతం అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. మనం రేపు డాక్టర్లమో, ఇంజనీర్లమో, గుమాస్తాలమో అవుతాం. ఎదుటివాడి నొప్పిని ఫారంలో ఒక గడిలో నింపే ఉద్యోగాలు మనకే వస్తాయి. ఇన్సూరెన్సు కాగితంలో వేలికి ఇంత, కంటికి ఇంత అని శాతాలు ఉంటాయి. ఆ శాతాలు లేకుండా లోకం నడవదు. కాని శాతం వ్రాసిన తరువాత తల ఎత్తి "ఎట్లా ఉందండీ?" అని ఒక్క మాట అడగడం అలవాటు కావాలి. బల్ల దగ్గర పాచికలతో ఆ అలవాటు చేసుకోవడానికి ఖర్చేమీ లేదు.

వచ్చే సంవత్సరం కొత్తగా చేరే జూనియర్లకు ఈ ఆటలు నేర్పబోయే మిత్రులకు నా విజ్ఞప్తి ఇది. ఏ పుస్తకం తెచ్చుకొన్నా, ఏ పట్టిక వాడుకొన్నా సరే, పాత్రకు గాయం తగిలిన ప్రతిసారీ రెండు పనులు చెయ్యండి. ఆ గాయం వల్ల ఏమి పోతుందో స్పష్టంగా చెప్పండి. తరువాత ఆటగాడి వైపు తిరిగి, నొప్పి ఎట్లా ఉన్నదో అతన్నే చెప్పమనండి. ఒక నెల ఆడి చూసి, బాగాలేదనిపిస్తే వచ్చే సంచికలో నన్ను ఖండిస్తూ వ్యాసం వ్రాయండి. సంతోషంగా చదువుతాను.